‘వంద గంటలు వాయిస్తే సెట్ అవుతుంది సామీ’ అంటే నమ్మబాకండి: తిరుపతిలో హెడ్‌ఫోన్లు కొనేవాళ్ళకు హెచ్చరిక

షాపు పేరు రాయను. గాజు గది కట్టి, లోపల సోఫా వేసి హెడ్‌ఫోన్లు వినిపించే చోటు అంటే తెలిసినవాళ్ళకు తెలిసిపోతుంది. వైర్‌లెస్, హై-ఫై, ఓవర్-ఇయర్ (చెవి మొత్తాన్ని కప్పేది), డబ్బా మీద బంగారు రంగు హై-రెజ్ స్టిక్కరు, ధర ఇరవై వేలకు కాస్త అటూ ఇటూ. డెమోలో విన్నది ఒకటి, సీలు తీసిన డబ్బాలోంచి వచ్చింది ఇంకొకటి. ఇలాంటివి కొన్నవాళ్ళకు ఇంత చెప్తే చాలు. అసలు కడుపుమంట అది కాదు, వెనక్కి ఇచ్చేదానికి పోతే కౌంటర్లో జరిగింది.

గొంతులు దుప్పటి కప్పినట్టు వినిపిస్తున్నాయి, చెవి అంచు నొక్కుకుపోతోంది అని చెప్తుంటే కౌంటర్లో కుర్రాడు హెడ్‌ఫోన్ చేతిలోకి కూడా తీసుకోలా. ఫోన్ చూసుకుంటానే, “కొత్తది సామీ, అట్నే ఉంటుంది. వంద గంటలు వాయించండి, డ్రైవర్ లూజయ్యి సౌండ్ ఓపెన్ అవుతుంది” అన్నాడు. డ్రైవర్ అంటే లోపల మోగే చిన్న స్పీకరు. సరే, మరి చెవి నొప్పి? అప్పుడు తలెత్తినాడు. మొహం చూడలా, చెవుల వంక చూసినాడు. పక్కనున్నవాడికి వినపడేట్టు, “సార్‌వి చెవులు పెద్దవిలే, దానికి కంపెనీ ఏం చేస్తుంది” అన్నాడు. పక్కవాడు నవ్వినాడు. బిల్లు కొట్టే రోజు ఇవే చెవులకు “మీలాంటి చెవి ఉన్నోళ్ళకే సామీ ఈ మోడల్” అని పొగడ్త. డబ్బు గల్లాపెట్టెలో పడేసరికి చెవులు పెరిగిపోయినట్టున్నాయి.

బిల్లు వెనక చిన్నక్షరాల్లో ఉంది: లోపం ఉంటేనే 7 రోజుల్లో మార్పిడి. ఇప్పుడు లెక్క చూడండి. రోజుకు నాలుగు గంటలు విన్నా వంద గంటలు పూర్తయ్యేదానికి 25 రోజులు. గడువు 7. ఆ వంద అంకె ఏ ల్యాబులో పుట్టిందో అర్థమైంది కదా. కొనేముందే బిల్లు తిప్పి చూడనందుకు నా చెవులు నేనే మెలేసుకోవాల, పెద్దవి కాబట్టి పట్టుకు బాగా దొరుకుతాయి.

ఈ వంద గంటల కథ ఇక్కడొక్కచోటే కాదు, అన్నిచోట్లా నడుస్తోంది కాబట్టి చెప్తున్నా. డ్రైవర్ పొర వాడకంతో కొద్దిగా సడలితే సడలొచ్చు, కానీ ఆ తేడా చానా చిన్నది. దుప్పటి కప్పినట్టున్న గొంతును బయటికి తెచ్చేంత మార్పు దానివల్ల రాదు. నిజంగా మారేవి రెండే. ఇయర్‌ప్యాడ్ లోపలి ఫోమ్ మెత్తబడి తలకు సరిగా అతుక్కుంటుంది, వినేవాడి మెదడు ఆ ధ్వనికి అలవాటుపడిపోతుంది. రెండోదాన్నే షాపువాళ్ళు ‘ఓపెన్ అవడం’ అంటారు. మొదటి అరగంటలో నచ్చనిది నెలకు నచ్చిందంటే అలవాటుపడింది మీరు, మారింది హెడ్‌ఫోన్ కాదు.

మరి డెమోలో ఎందుకంత బాగుంది? వాళ్ళ ట్యాబ్‌లో ఆ కంపెనీ యాప్ ఉంటుంది, అందులో ధ్వనిని సర్దే ఈక్వలైజర్. బేస్ పైకి, ట్రెబుల్ (సన్నటి పైస్వరాలు) పైకి, మధ్యలో గొంతు ఉండే చోటు కిందికి. మూడు నిమిషాలు వినేదానికి ఇది మతి పోగొడుతుంది. గంట వింటే తలనొప్పి. దీంట్లో ఇంకో మెలిక ఉంది: చానా మోడళ్ళలో ఈ సెట్టింగు ఫోన్‌లో కాదు, హెడ్‌ఫోన్‌లోనే దాచుకుంటుంది. మీ ఫోన్‌కు కలిపి విన్నా వాళ్ళ సెట్టింగే మోగుతుంది. అందుకని మీ ఫోన్‌తో విన్నాను కదా అని ధైర్యపడొద్దు. యాప్ తెరిపించి ఈక్వలైజర్ ఫ్లాట్‌కు, అంటే ఏదీ పెంచకుండా తగ్గించకుండా పెట్టించండి. అంతకంటే మేలు, డెమో పీసును ఫ్యాక్టరీ రీసెట్ చేయించండి. కుదరదంటే అక్కడికక్కడే లేచి రండి.

వాల్యూమ్ రెండో మాయ. రెండు హెడ్‌ఫోన్లు పక్కపక్కన విన్నప్పుడు ఒకటి రెండు డెసిబెల్స్ ఎక్కువ మోగేదే మంచిదిగా అనిపిస్తుంది. ఎక్కువ మోగుతున్నట్టు మాత్రం తెలియదు, స్పష్టంగా ఉన్నట్టు తోస్తుంది. షాపులో అమ్మాలనుకున్నదాన్ని రెండు గీతలు పెంచి పెడతారు. ఒకే పాట, ఒకే గొంతు పెట్టి, ఆ గొంతు రెండిట్లోనూ ఒకే గట్టిగా వినపడేదాకా వాల్యూమ్ సర్దుకుని అప్పుడు పోల్చండి. ఆ తర్వాత బాగా తగ్గించి వినండి. తక్కువ వాల్యూమ్‌లో మన చెవికి బేస్ తక్కువగా అందుతుంది. అప్పుడు కూడా పాట పలచబడకుండా, గొంతు ముందుంటే అది మంచి ట్యూనింగ్.

ఏం పెట్టి వినాల అంటే, సినిమా పాటల్లో బేస్ దడదడలాడితే ఏదైనా గొప్పగానే ఉంటుంది, దాంతో ఏమీ తేలదు. కర్ణాటక కచేరీ రికార్డింగు ఒకటి ఫోన్‌లో దింపుకుని పోండి, స్ట్రీమింగ్ మీద ఆధారపడకుండా. మృదంగంలో తొప్పి (ఎడమ) వైపు దెబ్బ, వలంతల (కుడి) వైపు దెబ్బ విడివిడిగా తెలియాల. తొప్పి గుమికి, అంటే ఆ లోతైన మోత, అంతా ఊదినట్టయి మగ గొంతు మంద్రస్థాయిలో మునిగిపోయిందంటే బేస్ ఎక్కువ పెట్టినారని అర్థం. తంబుర శ్రుతి గాయకుడు పాడేటప్పుడు కూడా వెనకాల సన్నగా సాగుతా ఉండాల. ఆగినట్టు, మాయమైనట్టు వినిపిస్తే మధ్య స్థాయి తొక్కేసినట్టే. నాదస్వరం మంచి పరీక్ష. దాని పైస్థాయి సహజంగానే పదును, అది గుచ్చుకుంటే మాత్రం ట్రెబుల్ ఎక్కువ. గొంతులో స, శ, ష అక్షరాలు పాములా బుస కొడుతున్నాయా చూడండి, ఆ గీర 5 నుంచి 8 కిలోహెర్ట్జ్ మధ్య ఉంటుంది, ఫ్యాన్సీ ట్యూనింగులు ముందు అక్కడే దొరికిపోతాయి.

ఒంటి గొంతు పాట పెట్టినప్పుడు ఆ గొంతు సరిగ్గా తల మధ్యలో నిలబడాల. ఒక పక్కకు లాగుతుంటే హెడ్‌ఫోన్ కుడిఎడమలు తిప్పి పెట్టుకోండి. లాగడం కూడా రెండో పక్కకు మారితే తప్పు హెడ్‌ఫోన్‌ది. అదే పక్కన ఉండిపోతే మీ చెవిలో గుబిలి తీయించుకోండి, హెడ్‌ఫోన్‌ను తిట్టబాకండి.

స్టిక్కరు సంగతి. హై-రెజ్ ఆడియో వైర్‌లెస్ అన్న ముద్ర జపాన్ ఆడియో సొసైటీది. ఎల్‌డ్యాక్ లాంటి కోడెక్ (బ్లూటూత్‌లో పాటను కుదించి పంపే పద్ధతి) ఉందని చెబుతుంది తప్ప ధ్వని మీకు నచ్చుతుందని చెప్పదు. పైగా ఆ కోడెక్ మీ ఫోన్‌లో కూడా ఉండాల. ఆండ్రాయిడ్‌లో 8వ వెర్షన్ నుంచి, అంటే 2017 నుంచి ఉంది. ఐఫోన్‌లో లేదు, అక్కడ ఏఏసీ, ఎస్‌బీసీ అంతే. ఐఫోన్ పట్టుకుని వచ్చినాయనకు ఎల్‌డ్యాక్ పేరుతో నాలుగు వేలు ఎక్కువది అంటగట్టడం కళ్ళారా చూసినా. ఎస్‌బీసీ మామూలుగా 328 కేబీపీఎస్ (సెకనుకు పంపే డేటా కొలత) దాకా, ఆప్ట్‌ఎక్స్ హెచ్‌డీ 576, ఎల్‌డ్యాక్ 330, 660, 990 మెట్ల మీద నడుస్తాయి. 990 అన్నది గదిలో మాట. ఆర్టీసీ బస్టాండ్‌లో వందల ఫోన్ల మధ్య అది తెగితెగి వస్తుంది, లేదంటే ఫోనే 330కి దించేస్తుంది.

ఏది నడుస్తోందో చూడాలంటే సెట్టింగ్స్‌లో అబౌట్ ఫోన్‌కు పోయి బిల్డ్ నంబర్ మీద ఏడుసార్లు నొక్కండి. డెవలపర్ ఆప్షన్స్ తెరుచుకుంటాయి, అందులో బ్లూటూత్ ఆడియో కోడెక్ ఉంటుంది. పాట నడుస్తున్నప్పుడు చూడండి. రెండు ఫోన్లకు ఒకేసారి కలిపే మల్టీపాయింట్ పెడితే కొన్ని మోడళ్ళలో ఎల్‌డ్యాక్ ఆగిపోయి ఏఏసీకో ఎస్‌బీసీకో దిగుతుంది, ఇది డబ్బా మీద ఎవరూ రాయరు. అయినా నన్నడిగితే కోడెక్ తేడా పావలా, ట్యూనింగు, ప్యాడ్ అతుకు కలిసి ముప్పావలా. ఆ ముప్పావలా గురించే షాపులో ఎవరూ మాట్లాడరు.

ఇప్పుడు చెవుల దగ్గరికి వద్దాం. పెద్ద చెవులంట. సగటు పెద్దమనిషి చెవి పొడవు 6 సెంటీమీటర్ల పైచిలుకు. ఈ మహానుభావుల ‘ఓవర్-ఇయర్’ ప్యాడ్ లోపలి కంతకు స్కేలు పెడితే నిలువు 5.5 సెంటీమీటర్లు, లోతు ఒకటిన్నర కూడా లేదు. ఊళ్ళో సగం చెవులు దాంట్లో పట్టవు. పైభాగం ప్యాడ్ కింద మడుచుకుంటుంది, చెవి అంచు లోపలి గుడ్డకు తగులుతుంది. పది నిమిషాలకు ఏమీ తెలియదు. నలభై నిమిషాలకు వేడి, గంటకు నొప్పి. పోయేటప్పుడు జేబులో చిన్న స్కేలు పెట్టుకుపోండి, సిగ్గుపడేపని లేదు. కంత లోపలికి వేలు దూర్చి చుట్టూ తిప్పండి, డ్రైవర్ ముందున్న గుడ్డ ఎంత దగ్గర్లో తగులుతుందో తెలిసిపోతుంది.

కళ్ళజోడు ఉన్నవాళ్ళు జోడు పెట్టుకునే వినండి, తీయమంటే తీయొద్దు. కళ్ళజోడు మందపాటి కాడ ప్యాడ్‌ను ఎత్తి పట్టి సందు చేస్తుంది, ఆ సందులోంచి బేస్ కారిపోతుంది, బయటి మోతను తగ్గించే నాయిస్ క్యాన్సలేషన్ కూడా సగం చచ్చిపోతుంది. చూడడం తేలిక: బేస్ ఉన్న పాట పెట్టి రెండు కప్పులనూ అరచేతులతో మెల్లగా నొక్కండి. నొక్కగానే బేస్ ఎగిసిందంటే మీ తలకు అది అతకలేదు. దవడ ఆడించండి, తల కిందికి దించండి, నాలుగు మాటలు మాట్లాడండి. అప్పుడు బేస్ వచ్చిపోతా ఉంటే ఇంట్లో కూడా అంతే.

బరువు డబ్బా మీద చూడండి. 250 గ్రాములు హాయి, 300 దాటితే నడినెత్తి మీద తెలుస్తుంది, పైపట్టీ దిండు పలచగా ఉంటే ఇంకా ముందే. బిగువు తగ్గిద్దామని పట్టీని విరిచినట్టు లాగి వంచమని చెప్పేవాళ్ళున్నారు, ప్లాస్టిక్ కీలు పగిలితే వారంటీ పోతుంది. మన తిరుపతి ఎండ సంగతి వేరే చెప్పాలా. రెక్సిన్ లాంటి పాలీయురెథేన్ తొడుగు చెమటకూ తేమకూ పొరలు పొరలుగా ఊడుతుంది. ప్యాడ్లు చేత్తో ఊడదీసేవా, జిగురుతో అంటించినవా, విడిగా దొరుకుతాయా అని కొనేముందే అడగండి. వేరే కంపెనీ ప్యాడ్ మందం మారిందంటే ధ్వనీ మారుతుంది.

నాయిస్ క్యాన్సలేషన్ పాట లేకుండా ఆన్ చేసి పది నిమిషాలు ఊరికే కూర్చోండి. కొంతమందికి ఘాట్ రోడ్డు ఎక్కేటప్పుడు చెవులు మూసుకుపోయినట్టుంటుంది, అది అలవాటు కాకపోతే రోజూ నరకమే. ఏసీ గురక, బస్సు ఇంజిన్ మోత లాంటి కింది స్వరాలను ఇది బాగా తీస్తుంది. హారన్లు, మనుషుల మాటలు ఆపాల్సింది ప్యాడ్లే. ఆన్‌లో, ఆఫ్‌లో ధ్వని ఒకేలా ఉందా చూడండి. ఆఫ్ చేయగానే పలచబడేవి చానా ఉన్నాయి.

ల్యాప్‌టాప్‌లో మీటింగుకు వాడేవాళ్ళు మైక్ ఆన్ చేసి వినండి. మామూలు బ్లూటూత్‌లో మైక్ తెరవగానే సంగీతం నడిపే ప్రొఫైల్ పోయి కాల్ ప్రొఫైల్ వస్తుంది, 16 కిలోహెర్ట్జ్ శాంప్లింగు, ఒక్కోసారి 8. ఇరవై వేల హెడ్‌ఫోన్ కూడా అప్పుడు పాత ల్యాండ్‌లైనే. ఇది లోపం కాదు, గోల పెట్టినా మార్చరు.

కాగితాల మాట క్లుప్తంగా. సీలు తీసేముందు మార్పిడి షరతు బిల్లు మీద చేత్తో రాయించి సంతకం పెట్టించండి. బిల్లులో సీరియల్ నంబర్ ఉండాల, డబ్బా మీదా హెడ్‌ఫోన్ మీదా అదే ఉండాల. డబ్బా మీద బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) రిజిస్ట్రేషన్ నంబర్‌ను, అంటే ఆర్-నంబర్ను బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూడండి. తయారైన నెల చూడండి, ఏళ్ళ తరబడి గోడౌన్లో పడున్నదాంట్లో లిథియం బ్యాటరీ చచ్చిపోయి ఉండొచ్చు. లోపం ఉన్న వస్తువును బిల్లులో రాసిన గడువులోపు, గడువే రాయకపోతే 30 రోజుల్లోపు వెనక్కి తీసుకోనంటే 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అది అనుచిత వ్యాపార పద్ధతి. ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో 5 లక్షల లోపు కొనుగోలుకు ఫీజు లేదు. కంతకు స్కేలు పెట్టిన ఫొటో, డబ్బా మీద ఓవర్-ఇయర్ అన్న ముద్ర ఫొటో, రెండూ నా ఫిర్యాదుకు జతచేసినాను.