నిష్పత్తి లెక్కల్లో ‘కె’ పద్ధతి: ఏళ్లుగా వాడాక నా మాట

పదో తరగతి పిల్లలకూ, గ్రూప్స్, బ్యాంకు పరీక్షలకు చదివేవాళ్లకూ లెక్కలు చెబుతూ ఏళ్ల తరబడి వాడుతున్న పద్ధతి ఇది. ఎ:బి = 2:3 అని ఇచ్చి (3ఎ + 2బి)/(5ఎ − బి) విలువ అడుగుతారు కదా. ఎ = 2కె, బి = 3కె అనుకుంటే లవం 12కె, హారం 7కె. కె కొట్టేస్తే 12/7. ఎ = 2బి/3 అని పెట్టినా ఇదే వస్తుంది గానీ, భిన్నం మీద భిన్నం ఎక్కి కూర్చుంటుంది. పరీక్ష టెన్షన్‌లో దాన్ని విడదీయడం ఎందుకు?

“మధ్యలో ఈ కె దేనికి సార్, నేరుగా 2, 3 వేసేద్దాం” అంటారు అందరూ. పై లెక్కకు సరిపోతుంది. మరి (ఎ² + బి²)/(ఎ + బి) అడిగితే? నేరుగా వేసినవాళ్లకు 13/5 వస్తుంది. పేపరు తయారుచేసినవాళ్లకు ఆ సంగతి తెలుసు, ఆప్షన్లలో దాన్ని తప్పకుండా పెడతారు. కె రాసినవాళ్లకు మాత్రం 13కె²/5కె, అంటే 13కె/5 దగ్గర ఆగిపోతుంది. నిష్పత్తి ఒక్కటే చాలదని అక్కడే తెలిసిపోతుంది. మళ్లీ ప్రశ్న చదివితే ఎ + బి = 20 అని ఏ మూలో ఉంటుంది. 5కె = 20, కె = 4, జవాబు 52/5. లవంలోనూ హారంలోనూ ప్రతి పదం ఘాతం ఒకటే అయితేనే కె పోతుంది. (3ఎ + 5)/(బి + 1) లాంటి వాటిలో విడిగా ఉన్న 5, 1 దాన్ని పోనివ్వవు. నేను కె వదలనివ్వకపోవడానికి కారణం ఇదే.

లోపమూ ఉంది. నిష్పత్తి తప్పుగా తీస్తే ఈ పద్ధతి పట్టుకోదు. 2ఎ = 3బి అని ఇస్తే చాలామంది 2:3 రాసేస్తారు; అది 3:2. ఆ తర్వాత ఎంత శుభ్రంగా చేసినా దండగే.

మూడు రాశులొస్తే కొంచెం పని. ఎ:బి = 2:3, బి:సి = 4:5 అయితే రెండుచోట్లా బి 12 అయ్యేలా సరిచేసి 8:12:15 రాయాలి. (ఎ + బి + సి)/సి అప్పుడు 35/15, అంటే 7/3.

తిరగేసి అడిగితే మాత్రం కె జోలికి పోను. (ఎ + బి)/(ఎ − బి) = 4 అని ఇచ్చారనుకోండి, అడ్డగుణకారం చేస్తే 3ఎ = 5బి. ఎ:బి = 5:3, రెండు లైన్లలో అయిపోతుంది.