మినియాపొలిస్ మంచు కోసం హైదరాబాద్‌లో కొన్న చలి బట్టలు, నాలుగు నెలలు వాడాక

ముందే చెప్పేస్తున్నా, జాకెట్‌కి రెండు స్టార్లు, బూట్లకి ఒక్కటి, కోఠీలో టిబెటన్ ఆవిడ దగ్గర తీసుకున్న ఉన్ని సాక్సులకి ఐదుకి ఐదు. చలికాలంలో పిల్లల దగ్గరికి వెళ్తున్న రిటైరైన వాళ్ల కోసం రాస్తున్నా, మేం కొనేటప్పుడు మాకు ఇవన్నీ చెప్పేవాళ్లు దొరకలేదు.

నేను బీఎస్ఎన్ఎల్‌లో 2020 జనవరి 31న వీఆర్ఎస్ తీసుకున్నా, మావారు అంతకు రెండేళ్ల ముందే రిటైరయ్యారు. ఏఎస్ రావు నగర్‌లో ఉంటాం, పొద్దున ఐదున్నరకి గేటు తీసి బయటపడితే గంటన్నర నడిచి, పాలు కూరలు పట్టుకుని ఇంటికొస్తాం, మా ఇద్దరి షుగరూ ఆ నడక మీదే నిలబడింది. అమెరికాలో మినియాపొలిస్‌లో ఉండే మా అమ్మాయికి డెలివరీ డిసెంబర్‌లో అన్నారు. నవంబర్ మొదటి వారంలోనే ఫోన్‌కి మొహం చూపించి, బతికే ఉన్నామని పెన్షన్ కోసం ఇచ్చే జీవన్ ప్రమాణ్ పని అవగొట్టేసి షాపింగ్ మీద పడ్డాం.

జాకెట్లు, బూట్లు సిటీలో ఒక పెద్ద షాపులో తీసుకున్నాం, పేరు రాయను. సేల్స్ అబ్బాయి మర్యాదగానే మాట్లాడాడు, "మైనస్ 20 దాకా గ్యారంటీ ఆంటీ" అన్నాడు, ట్యాగ్ మీద కూడా అదే ఉంది. ఒక్కోటి 8,500. ఎత్తి చూస్తే రెండు కిలోలు ఉంది, ఇంత బరువుంటే వెచ్చగానే ఉంటుందిలే అని తీసేసుకున్నాం. అక్కడే దెబ్బతిన్నాం. చలిని ఆపేది బరువు కాదు, లోపల నిలిచే గాలి, బయటి గాలిని రానివ్వని పై గుడ్డ. ఈ జాకెట్‌కి కుట్టు కుట్టులోంచీ గాలి దూరేది. అక్కడ జీరో ఫారెన్‌హీట్ అంటే మన లెక్కలో మైనస్ 18, దానికి గంటకి 15 మైళ్ల గాలి తోడైతే ఒంటికి మైనస్ 28 లాగా తగులుతుంది, అలాంటప్పుడు కప్పుకోని చర్మం అరగంటలో గడ్డకట్టే ప్రమాదం ఉంటుంది. ట్యాగ్ మీద ఈ గాలి లెక్క ఎక్కడా ఉండదు. షాపువాళ్లు థర్మల్స్ అని కట్టబెట్టినవి కూడా చూస్తే కాటన్ ఎక్కువ కలిసినవి, కాటన్ చెమట పీల్చుకుని తడిగా ఒంటికి అతుక్కుంటుంది, ఇంట్లో హీటర్‌లోంచి బయటికి అడుగు పెట్టగానే ఆ తడే మంచుముక్కలా అయిపోతుంది. అమ్మాయి చూసి వెంటనే ఉన్ని థర్మల్స్ తెప్పించింది.

ఇక బూట్లు. ఆడవాళ్లు ఇది జాగ్రత్తగా చదవండి. నేను మెట్టెలు తీయను. షాపులో పల్చటి సాక్సులతో వేసుకుని చూస్తే సరిగ్గా పట్టాయి, అక్కడ లావు సాక్సులు వేసి తొడిగితే మెట్టె పక్క వేలిలోకి దిగబడింది, సాయంత్రానికి వేలు కమిలి ఎర్రగా అయింది. పాదం బిగుసుకుపోతే రక్తం సరిగ్గా ఆడదు, ఎన్ని సాక్సులు తొడిగినా వేళ్లు చల్లబడే ఉంటాయి. షుగర్ ఉన్నవాళ్లకి వేళ్లలో స్పర్శ తక్కువైతే దెబ్బ తగిలింది కూడా తెలీదు. కాబట్టి లావు సాక్సులు వేసుకుని, మెట్టెలతోనే, సాయంత్రం పూట పాదం కాస్త ఉబ్బినప్పుడు చూసుకోండి, వేళ్లు ఆడాలి.

పైగా ఆ బూట్ల అడుగు చలికి ప్లాస్టిక్ డబ్బాలా గట్టిపడిపోయింది. మంచు పడటం ఆగిన 24 గంటల్లో ఇంటి ముందు ఫుట్‌పాత్ ఎవరి ఇంటివాళ్లు వాళ్లే శుభ్రం చేయాలని అక్కడ సిటీ రూల్, మా అల్లుడు పాపం అర్ధరాత్రైనా పార పట్టుకునేవాడు, ఉప్పు కూడా చల్లేవాడు, కానీ మైనస్ 9, 10 కిందికి పోతే మామూలు ఉప్పు సరిగ్గా పనిచేయదు. సిమెంటు మీద సన్నటి ఐసు పొర ఉంటుంది, తడిసిన నేలలా కనబడుతుంది అంతే. జనవరిలో చెత్తబుట్ట పెట్టడానికి వెళ్లి డ్రైవ్‌వేలో జారి పడ్డా. మణికట్టు వాచింది, అదృష్టం బాగుండి విరగలేదు. పక్కింట్లో ఎనభై దాటిన అమెరికన్ ఆవిడ పరుగున వచ్చి నన్ను లేపింది, ఆవిడ బూట్ల కింద చూస్తే రబ్బరు జాలీ, దానికి ఇనుప ముళ్లు. ఐస్ క్లీట్స్ అంటారట. 20 డాలర్లు. వాటితో మళ్లీ రోజూ బయటికి రాగలిగాను, 8,500 జాకెట్‌తో ఒక్కరోజూ నిశ్చింతగా నడవలేదు. ఒక్కటి గుర్తుంచుకోండి, నున్నటి టైల్స్ మీద అవే జారతాయి, లోపలికి వెళ్లగానే విప్పేయాలి.

అంతకుముందు మూడు వారాలు నేను కిటికీ దగ్గరే కూర్చున్నా. డిసెంబర్‌లో నాలుగున్నరకే చీకటి పడుతుంది, మావారు పేపర్ లేక, పలకరించే మనిషి లేక పొద్దంతా మౌనంగా ఉండేవారు, నాకు అదే ఎక్కువ దిగులు. క్లీట్స్ వచ్చాక ఇద్దరం పొద్దున్నే మాల్ ఆఫ్ అమెరికాకి వెళ్లడం మొదలుపెట్టాం, 1992లో తెరిచిన పేద్ద మాల్, షాపులు తీయకముందే నడిచేవాళ్లని రానిస్తారు, అందరూ మా వయసువాళ్లే. మధ్య భాగానికి సెంట్రల్ హీటింగే లేదట, పైకప్పు అద్దాల్లోంచి వచ్చే ఎండ, లైట్లు, జనం ఒంటి వేడి సరిపోతాయట, మావారు ఆ సంగతి తెలిసిన రోజంతా తలెత్తి పైకప్పే చూశారు. ఆదివారం మేపుల్ గ్రోవ్ గుడికి. దోసెల పిండి మాత్రం ఒవెన్‌లో లైటు వేసి పెడితేనే పొంగింది.

కోఠీ సంగతికొస్తే, ఫుట్‌పాత్ పక్కన చలికాలం వచ్చే టిబెటన్ వాళ్లలో ఒక పెద్దావిడ దగ్గర ఆఖర్న ఆగాం. నేను స్వెటర్లు తిరగేస్తుంటే ఆవిడ నా చెప్పుల వైపు చూసి, "పహెలే పైర్ దేఖో బెహెన్" అని సాక్సులు తీసింది. జత 200, నాలుగు జతలు, చెవులు మూసే టోపీలు రెండు. నాలుగు నెలల్లో ఒక్క పోగు ఊడలేదు, తడిసినా వెచ్చగానే ఉన్నాయి.

ఇక్కడ సాక్సులు, టోపీలు, ఉన్ని శాలువాలు కొనుక్కోండి. జాకెట్, బూట్లు, క్లీట్స్ అక్కడికెళ్లాక పిల్లల్ని అడగండి, మొహమాటపడకండి. ఎయిర్‌పోర్టు నుంచి ఇంటిదాకా వేసుకోడానికి ఒక జాకెట్ కార్లో పెట్టుకుని రమ్మని చెబితే చాలు. మా రెండు జాకెట్లు అటక మీదున్నాయి, షాపువాళ్లు వారం దాటితే వెనక్కి తీసుకోరు. మా వదిన వాళ్లు ఈ నవంబర్‌లో టొరంటో వెళ్తున్నారు, టిబెటన్ వాళ్లు దిగగానే వదినని కోఠీ తీసుకెళ్తానని మాటిచ్చా.