ఐరిష్ ఇంటిపేరు ఫ్రేము: ఒకటిన్నర స్టార్లు, అవీ చెక్కకే

ముందే చెప్పేస్తున్నా, ఐర్లండ్ గిఫ్ట్ షాపుల్లో అమ్మే ఇంటిపేరు చరిత్ర ఫ్రేము కొనకండి. మర్ఫీ, కెల్లీ లాంటి ఊరంతా ఉండే పేరైతే సరదాకి పోనీ అనుకోవచ్చు, కానీ అరుదైన పేరైతే అసలు వద్దు. డబ్లిన్‌లో టూరిస్టులు తిరిగే వీధుల్లో ఈ సరుకు చాలా చోట్ల కనిపిస్తుంది. ఒక మూల స్టాండుకి కీచైన్లు, కప్పులు, ఫ్రిజ్ మాగ్నెట్లు వేలాడుతుంటాయి, వాటిలో మీ పేరు దొరక్కపోతే కంప్యూటర్లో కొట్టి, పాతకాలం తోలు కాగితంలా కనిపించే షీటు మీద నాలుగు పేరాల చరిత్ర, పైన సింహమో డేగో ఉన్న రంగుల చిహ్నం ప్రింటు తీసి ఫ్రేము కట్టి ఇస్తారు. మా ఆఫీసులో ఒక పెద్దాయన రిటైర్ అవుతుంటే అందరం తలా కొంచెం వేసుకుని ఇదే తీసుకున్నాం. 45 యూరోలు. షాపు పేరు చెప్పను, ఎందుకంటే ఇది ఒక్క షాపు గొడవ కాదు.

ఆయన ఇంటిపేరు డిగ్నన్. ఇక్కడి వాళ్లలోనే అంత తరచుగా వినపడని పేరు, స్పెల్లింగులో డి తర్వాత యు ఉంటుంది, అది ఉన్నట్టు కొందరు పలుకుతారు, లేనట్టు కొందరు పలుకుతారు.

ఫ్రేము చెక్క బాగుంది, అద్దం బాగుంది, ప్యాకింగ్ కూడా వంక పెట్టేలా లేదు, ఒకటిన్నర స్టార్లు వాటికే. చరిత్ర అని రాసింది చదివితేనే ఒళ్లు మండింది. లీట్రిమ్ కౌంటీకి చెందిన ప్రాచీన వంశం అట, ధైర్యసాహసాలకు పేరుపొందిన యోధులట, కాలక్రమంలో ప్రపంచమంతా వ్యాపించారట. లీట్రిమ్ అన్న మాట తీసేసి ఇంకో కౌంటీ పేరు పెడితే ఏ ఇంటిపేరుకైనా అతికిపోతుంది. ఒక ఊరు లేదు, ఒక సంవత్సరం లేదు, ఒక్క మనిషి పేరు లేదు. ఏ వంశానికైనా ఇలా రాస్తే సరే అని సరిపెట్టుకోవచ్చేమో గానీ, ఈ వంశానికి రాయడం మాత్రం మరీ అన్యాయం, ఎందుకో చెప్తా.

ఐరిష్ వాళ్ల సొంత భాష గేలిక్‌లో డిగ్నన్ రూపం ఓ దివ్‌గెన్నాన్. నలుపు అనే అర్థమున్న మాటతో మొదలయ్యే పేరున్న ఎవరో పూర్వీకుడి సంతతి అన్నమాట. వీళ్ల కులవృత్తి లాంటిది చరిత్ర రాయడం. ఐర్లండ్ పడమటి వైపు రాస్‌కామన్‌లోని మక్‌డెర్మట్‌లు, స్లైగోలోని మక్‌డొనా దొరలు, లీట్రిమ్‌లోని మక్‌రానల్‌లు, వీళ్ల వంశవృక్షాలు, యుద్ధాలు, చావు పుట్టుకలు తరతరాలుగా రాసిపెట్టిన ఇల్లు ఇది. దొర మారినా రాసేవాళ్ల కుటుంబం మారేది కాదు, బదులుగా వాళ్లకి భూమి ఉండేది, మన కరణాలకి మాన్యం ఉన్నట్టు. రాస్‌కామన్ ఉత్తర కొసన కిల్‌రోనన్ అనే చోట వీళ్ల మూలస్థానం. అక్కడి చర్చి కట్టించింది ఈ ఇంటివాడు ఫెర్గల్ అని ఐరిష్ వార్షికాల్లో, అంటే ఏటేటా జరిగినవి రాసిన చరిత్రల్లో, 1339 కింద ఉంది. బాలిమోట్ గ్రంథం అని 1390 ప్రాంతంలో స్లైగోలోని బాలిమోట్ కోటలో రాసిన పెద్ద చేతిరాత పుస్తకం ఒకటుంది, ఇప్పుడు డబ్లిన్ డాసన్ స్ట్రీట్‌లో రాయల్ ఐరిష్ అకాడమీ దగ్గర భద్రంగా ఉంది, దాన్ని రాసిన ముగ్గురు లేఖకుల్లో ఒకడు మానుస్ ఓ దివ్‌గెన్నాన్.

ఇంకా పెద్ద విషయం 1632లో మొదలవుతుంది. అప్పటికే 1601లో కిన్సేల్ దగ్గర ఐరిష్ దొరలు ఇంగ్లీషు సైన్యం చేతిలో ఓడిపోయారు, 1607లో ఉత్తరాది దొరలు దేశం వదిలి వెళ్లిపోయారు, చరిత్ర రాయించుకునే వాళ్లే లేకుండా పోతున్నారు. అలాంటప్పుడు ఫ్రాన్సిస్కన్ సన్యాసి మీహాల్ ఓ క్లేరీ మరికొందరిని కూడగట్టి, దొరికిన పాత రాతలన్నీ ఒకచోట చేర్చి, డొనెగల్ మఠం వాళ్ల దగ్గర 1636 దాకా కూర్చుని మొత్తం ఐర్లండ్ వార్షికాలు రాశాడు. ఫోర్ మాస్టర్స్ అంటారు వాళ్లని, ఆ నలుగురిలో ఒకడు లీట్రిమ్ కౌంటీ కాజిల్‌ఫోర్‌కి చెందిన కూ కోగ్రీహె ఓ దివ్‌గెన్నాన్. మూడొందల ఏళ్ల పాటు పక్కింటి వాళ్ల వంశాలన్నీ పేరుపేరునా రాసిపెట్టిన ఇల్లు అది. ఆ ఇంటి చరిత్ర అని మాకు అమ్మిన కాగితంలో ఆ సంగతి ఒక్క ముక్క లేదు, యోధులట!

ఇక్కడొక పిట్టకథ. మన ఊళ్ల కైఫీయత్తులు, అంటే స్థానిక చరిత్రలు, రాయించిన కాలిన్ మెకంజీ ఇంటిపేరు కూడా గేలిక్ పేరే, ఆయన పుట్టింది స్కాట్లండ్‌లో గేలిక్ మాట్లాడే లూయిస్ దీవిలో, స్టోర్నోవేలో. ఏలూరు వైపు కావలి సోదరులు బొర్రయ్య, లక్ష్మయ్య లేకపోతే ఆయనకి కరణాల దగ్గరున్న కవిలెల్లో ఏముందో తెలిసేది కాదు.

సరే, పేరు ఎక్కడెక్కడ ఉంది అన్న విషయానికి వద్దాం, ఫ్రేములో పూర్తిగా చేతులెత్తేసింది ఇక్కడే. ప్రపంచమంతా వ్యాపించారు అన్నది జవాబు కాదు కదా. ఈ పేరు గట్టిగా నాటుకుంది లీట్రిమ్, ఉత్తర రాస్‌కామన్, లాంగ్‌ఫర్డ్, అంటే పాత దొరల భూములు ఎక్కడుండేవో దాదాపు అక్కడే. తర్వాత డబ్లిన్. ఇంగ్లీషు అధికారి చెవికి ఎలా వినపడితే అలా రాయడంతో ఒకే పేరు డిగ్నన్, డిగ్నమ్, డెగ్నన్, డ్యుగెనన్ అని నాలుగైదు ముక్కలైంది, అదీ ఒకే ఇంట్లో అన్నదమ్ములకి వేరువేరుగా ఉన్నా ఆశ్చర్యపోనక్కర్లేదు. అమెరికాలో డెగ్నన్ అని కనిపిస్తే అది కూడా చాలావరకు ఈ గూటి పిట్టే. పద్దెనిమిదో శతాబ్దంలో పాట్రిక్ డ్యుగెనన్ అని ఒకాయన ఉన్నాడు, లీట్రిమ్ కాథలిక్ రైతు కొడుకు, ప్రొటెస్టెంట్‌గా మారి, పార్లమెంటులో ఆర్మా సభ్యుడై, కాథలిక్కులకు హక్కులు ఇవ్వకూడదని 1816లో చనిపోయే దాకా గొంతు చించుకున్నాడు. ఇలాంటి వాడు గిఫ్ట్ షాపు కాగితంలోకి ఎప్పటికీ రాడు, వస్తే ఎంత బాగుండేదో.

లీట్రిమ్‌లో ఈ పేరు పలచబడడానికి పెద్ద రహస్యం ఏమీ లేదు. 1841లో ఆ కౌంటీ జనాభా లక్షా యాభై వేల పైమాటే. బంగాళాదుంప కరువు, తర్వాత వరసగా వలసలు, నీళ్లు నిలిచే బరువు నేలలు. 2022 లెక్కల్లో 35,199 మంది. దేశంలో అన్నిటికన్నా తక్కువ జనం ఉన్న కౌంటీ అదే. ఒక కౌంటీలో నాలుగింట మూడు వంతుల మంది లేకుండా పోతే అక్కడి అరుదైన పేరు ఇంకెంత అరుదు కావాలి చెప్పండి.

ఇదంతా నాకెలా తెలిసింది అంటే, ఫ్రేము చూసి చిరాకేసి ఫ్రీ సైట్లలో పడ్డాను. నిజమైన రివ్యూ వీటికే రాయాలి.

మొదటిది నేషనల్ ఆర్కైవ్స్ వాళ్ల 1901, 1911 జనాభా లెక్కల సైటు. ఐదుకి ఐదు. డబ్బు అడగరు. ఇంటింటి ఫారం స్కాన్ చేసి పెట్టారు, ఇంటి యజమాని చేతిరాతే కనిపిస్తుంది, ఎవరికి ఎన్నేళ్లు, ఏ మతం, చదవడం రాయడం వచ్చా, ఐరిష్ మాట్లాడతారా, ఏ కౌంటీలో పుట్టారు అన్నీ ఉంటాయి. 1911 ఫారంలో పెళ్లయిన ఆడవాళ్లని ఎంతమంది పిల్లలు పుట్టారు, ఎంతమంది బతికున్నారు అని కూడా అడిగారు, ఆ గడి చదువుతుంటే మాత్రం మనసు అదోలా అయిపోతుంది. వెతికేటప్పుడు ఒక్క స్పెల్లింగుతో ఆగకండి. ఫారాలు పంచి వెనక్కి తీసుకున్నది పోలీసులు, రాయడం రాని ఇళ్లలో పేరు వాళ్లకి ఎలా వినపడితే అలాగే పడింది, కాబట్టి పైన చెప్పిన రూపాలన్నీ విడివిడిగా కొట్టి చూడాలి.

దానికన్నా వెనక్కి వెళ్లాలంటే గ్రిఫిత్ వాల్యుయేషన్. ఇది 1847 నుంచి 1864 మధ్య పన్ను కోసం చేసిన సర్వే, భూమి ఎవరి చేతిలో ఉంది, ఎవరి దగ్గర కౌలుకి తీసుకున్నారు, ఎన్ని ఎకరాలు అన్నది టౌన్‌ల్యాండ్ వారీగా ఉంటుంది. టౌన్‌ల్యాండ్ అంటే మన ఊరికన్నా చిన్న ముక్క, ఐర్లండ్ మొత్తం మీద అరవై వేలకు పైగా ఉన్నాయి. ఆస్క్ అబౌట్ ఐర్లండ్ సైటులో పాత మ్యాపులతో సహా ఉచితం. పేరు ఏ పారిష్‌లో (చర్చి పరిధిలో) ఎంత దట్టంగా ఉందో తెలియాలంటే దీనికి మించింది లేదు, ఎందుకంటే కరువు నాటి జనాభా లెక్కలు మనకు మిగల్లేదు, 1821 నుంచి 1851 దాకా ఉన్నవి చాలావరకు 1922లో డబ్లిన్ కోర్టుల భవనం ఫోర్ కోర్ట్స్ పక్కనున్న రికార్డాఫీసు తగలబడినప్పుడు బూడిదయ్యాయి, ఆ తర్వాతివి ప్రభుత్వమే అంతకుముందే నాశనం చేసింది. అయితే గ్రిఫిత్‌లో భూమి ఎవరి పేరున ఉంటే వాళ్లే కనిపిస్తారు. భార్యాపిల్లలు ఉండరు. ఇదే సమాచారాన్ని ఇంటిపేరు కొట్టగానే మ్యాపు మీద చుక్కలుగా చూడాలనుకుంటే వంశచరిత్రకారుడు జాన్ గ్రెనమ్ సైటు ఉంది, చందా కట్టాలి, కానీ స్పెల్లింగు రూపాలన్నీ ఆయనే కలిపి చూపిస్తాడు కాబట్టి అరుదైన పేరుకి ఆ డబ్బు దండగ కాదు.

పుట్టుక, పెళ్లి, మరణాల రిజిస్టర్లు ప్రభుత్వ ఐరిష్ జీనియాలజీ సైటులో ఫ్రీ. 1864 నుంచి మొదలు (కాథలిక్కులు కానివాళ్ల పెళ్లిళ్లు 1845 నుంచే), పుట్టుకలైతే వందేళ్లు దాటినవి, పెళ్లిళ్లు 75, మరణాలు 50 ఏళ్లు దాటినవి మాత్రమే చూపిస్తారు. కాథలిక్ చర్చి పుస్తకాలు నేషనల్ లైబ్రరీ వాళ్లు 2015లో ఆన్‌లైన్ పెట్టారు, చాలావాటిలో లాటిన్, పైగా మసకబారిన సిరా, ఓపిక ఉంటేనే దిగండి. ఊరి పేరు గేలిక్‌లో ఏమిటి, ఎలా పలకాలి అంటే లోగన్యమ్ అనే ఊరిపేర్ల సైటు, అది హాయిగా ఉంటుంది, నొక్కితే కొన్ని పేర్లు పలికి వినిపిస్తుంది కూడా.

ఆ రంగుల చిహ్నం సంగతి మిగిలిపోయింది. షాపులో దాన్ని మీ వంశ చిహ్నం అని అమ్ముతారు. ఐర్లండ్‌లో కవచ చిహ్నాలు ఇచ్చే పద్ధతి ఇప్పటికీ ఉంది, చీఫ్ హెరాల్డ్ అనే పదవి 1943 నుంచి నడుస్తోంది, నేషనల్ లైబ్రరీ కిందే ఉంటుంది. చిహ్నం ఇచ్చేది ఒక మనిషికి, ఆ తర్వాత అతని వారసులకి. అదే ఇంటిపేరున్న ప్రతివాడికీ కాదు. కాబట్టి ఫ్రేములో ఉన్నది ఎప్పుడో ఎవరో ఒక డిగ్నన్‌దైనా అయ్యుండొచ్చు, అలంకారం కోసం అతికించిందైనా అయ్యుండొచ్చు, మా పెద్దాయనదని చెప్పడానికి ఆ కాగితంలో ఆధారమేమీ లేదు. కొన్నేళ్లుగా ఐర్లండ్‌లో ఉంటున్న మనవాళ్లు ఐరిష్ స్నేహితులకి ఇది బహుమతిగా ఇవ్వడం చూస్తున్నాను, వాళ్లు మర్యాదకి నవ్వి తీసుకుంటారు, అంతే.

అదే డబ్బుతో ఇంకా మంచి పని చెయ్యొచ్చు. 1911 ఫారంలో ఆయన తాతగారి ఇల్లు దొరికితే దాని కాపీ, గ్రిఫిత్ మ్యాపులో ఆ టౌన్‌ల్యాండ్ ముక్క, రెండూ మంచి కాగితం మీద ప్రింటు తీయించి బయట ఫ్రేము కట్టించుకోండి, ఖర్చు సగం కూడా కాదు. తాతగారు ఏ కౌంటీయో తెలియకపోతే కిల్డేర్ స్ట్రీట్‌లోని నేషనల్ లైబ్రరీలో వంశవివరాల సలహా విభాగం ఉంది, ఉచితం, అయితే వెళ్లే ముందు పెద్దవాళ్ల పేర్లు, సుమారు పుట్టిన సంవత్సరాలు, మతం ఒక కాగితం మీద రాసుకుని వెళ్లండి. లీట్రిమ్ వరకు వెళ్లే ఓపిక ఉంటే కౌంటీ లైబ్రరీ బాలినమోర్‌లో ఉంది, అక్కడి నుంచి కిల్‌రోనన్ కారులో దగ్గరే, కీడ్యూ అనే చిన్న ఊరి పక్కన. గుడ్డి హార్ప్ విద్వాంసుడు కెరొలన్‌ని 1738లో పాతిపెట్టింది కూడా అక్కడే కాబట్టి దారి అడిగితే ఎవరైనా చెప్తారు.