పాత పీవీ టీఎన్‌టీ 150: మోసినవాళ్లు, విప్పినవాళ్లు చెప్పే మాట

బేస్ గిటార్‌కు ఇప్పుడు మూడు కిలోల యాంప్ దొరుకుతోంది. అయినా అమెరికా కంపెనీ పీవీ చేసిన పాత టీఎన్‌టీ 150 ఎక్కడైనా అమ్మకానికి వచ్చిందంటే కర్నూలు, నంద్యాల వైపు బేస్ వాయించేవాళ్ల చెవులు నిక్కపొడుచుకుంటాయి. యాంపూ, 15 అంగుళాల స్పీకరూ ఒకే డబ్బాలో ఉండే 150 వాట్ల కాంబో అది. కంపెనీ ఈ వరుసను ఆపేసి చాలా కాలమైంది. చర్చి కన్వెన్షన్ పందిళ్లలో, పెళ్లి ఆర్కెస్ట్రాల్లో ఏళ్ల తరబడి వాడిన మీదట రాస్తున్న సమీక్ష ఇది. దాన్ని మెచ్చుకోవడానికి కారణం సౌండు ఒక్కటే కాదని ముందే చెప్పాలి. దాన్ని విప్పొచ్చు, బాగు చేయొచ్చు. అసలు గొప్ప అక్కడుంది.

సౌండు మాటకొస్తే, నడిమి స్వరాలు గట్టిగా, పై స్వరాలు మొద్దుగా ఉంటాయి. 15 అంగుళాల కోన్, అంటే స్పీకర్‌లో ఊగే కాగితం గరాటు, పై ఫ్రీక్వెన్సీలను ఎదురుగా ఉన్నవాళ్లకే సన్నగా వేస్తుంది, పక్కన కూర్చున్నవాళ్లకు అవి అందవు. పై స్వరాలు పలికే చిన్న స్పీకర్, ట్వీటర్ కూడా లేదు. తీగను బొటనవేలితో కొట్టి స్లాప్ వాయించేవాళ్లకు నచ్చదు. వేళ్లతో వాయించేవాళ్లకు, డ్రమ్స్ కిక్‌తో కలిసి నడిచే కీర్తనలకు ఇంతకంటే ఏం కావాలి అనిపిస్తుంది. ఒక సంగతి గుర్తుంచుకోవాలి: బేస్ ఇ తీగ 41 హెర్ట్జ్. కానీ మన చెవి పట్టుకునేది ఎక్కువగా దాని పై స్వరం, 82 హెర్ట్జ్. బేస్ నాబ్ పూర్తిగా తిప్పితే చర్చి హాల్లో గోడలు గుమ్మని మోగుతాయే తప్ప స్వరం తేలదు. బేస్‌ను నడుమనే ఉంచి, మిడ్ (నడిమి స్వరాల నాబ్) కాస్త పెంచండి. చివరి బెంచీ దాకా స్వరం విడివిడిగా వినిపిస్తుంది.

అయిదు తీగల గిటార్‌కు ఇది తగిన డబ్బా కాదు. కింది బి తీగ 31 హెర్ట్జ్. అంత లోతుకు పోయేసరికి కోన్‌కు డబ్బాలోని గాలి అడ్డు ఉండదు, అది ఊరికే ముందుకూ వెనక్కీ కొట్టుకుంటుంది. పీవీలో ఉన్న డీడీటీ సర్క్యూట్ యాంప్ క్లిప్ కాకుండా, అంటే శక్తికి మించి సౌండు చిట్లకుండా చూస్తుంది కానీ ఈ ఊగులాటను ఆపలేదు. స్పీకర్ లోపలి తీగచుట్ట, అంటే కాయిల్, చెడేది చాలాసార్లు ఇలాగే. డీడీటీ లైటు వెలగలేదు కదా అని నాబ్ ఇంకా తిప్పేవాళ్లు ఇది చదవాలి.

వాట్ల గొడవ కూడా ఒకటుంది. 150 నుంచి 300 వాట్లకు పోతే పెరిగేది 3 డెసిబెల్స్. వింటే తేడా తెలుస్తుంది, అంతే. బయలు మైదానంలో వెయ్యిమందికి వినిపించే పని పీఏది, అంటే సభకు పెట్టే పెద్ద స్పీకర్లది. యాంప్ లైన్ అవుట్ నుంచో, గిటార్ సిగ్నల్‌ను మిక్సర్‌కు తగ్గట్టు మార్చే డీఐ బాక్స్ నుంచో మిక్సర్‌కు ఇచ్చి, కాంబోను వాయించేవాడి వెనక మానిటర్‌గా పెట్టుకుంటే ఏ ఇబ్బందీ ఉండదు.

ఇక స్పీకర్ దగ్గర ఆగాలి. పీవీ వాళ్ల బ్లాక్ విడో స్పీకర్లలో వాయిస్ కాయిల్ 4 అంగుళాలు, అల్యూమినియం తీగతో చుట్టింది. కాయిల్ కాలితే స్పీకర్ మొత్తం పారేయక్కర్లేదు. వెనక బోల్టులు తీస్తే మ్యాగ్నెట్ విడిగా వచ్చేస్తుంది, కోన్, కాయిల్ అమర్చిన బాస్కెట్ కొత్తది పెట్టుకోవడమే. కంపెనీ అలా తయారుచేసింది. పని ఇలా చేయాలి: స్పీకర్‌ను కోన్ కింద ఉండేలా గుడ్డ మీద బోర్లించి, అంగుళాల సైజు అలెన్ కీతో బోల్టులు కొద్దికొద్దిగా, ఎదురెదురుగా వదులు చేయండి. మిల్లీమీటర్ కీ వాడితే తల అరిగి ఇక ఊడదు. మ్యాగ్నెట్‌ను తిన్నగా పైకెత్తండి, వంకరగా లాగితే కాయిల్ గీసుకుంటుంది. వెంటనే మ్యాగ్నెట్ సందును మాస్కింగ్ టేపుతో మూసేయండి. మన నల్లరేగడి దుమ్ములో ఇనుప రజను కూడా ఉంటుంది, సందులో పడిందంటే వదలదు. శుభ్రం చేయాలంటే జిగురు వైపు బయటికి ఉండేలా టేపును మడిచి సందులో తిప్పండి. కొత్త బాస్కెట్ దించాక బోల్టులు ఎదురెదురుగా బిగించి, కోన్‌ను రెండు చేతుల వేళ్లతో సమంగా నొక్కి చూడండి. గరగర వినిపిస్తే మళ్లీ వదులు చేసి సర్దాలి. దొరకడం కష్టమయ్యేది బాస్కెట్టే. కొత్తది దొరక్కపోతే అదే బాస్కెట్‌కు కోన్, కాయిల్ మార్పించాలి. కాయిల్ 4 అంగుళాలనీ, అల్యూమినియం అనీ షాపులో ముందే చెప్పండి. రాగి కాయిల్ వేస్తే కదిలే బరువు పెరిగి సౌండు మందగిస్తుంది.

ఏ కంపెనీదైనా ముప్పై ఏళ్ల యాంప్‌లో వచ్చే జబ్బులు ఇంచుమించు ఒకటే. వాయిస్తుండగా సౌండు ఉన్నట్టుండి సగమై, మళ్లీ వస్తుంటే చాలామంది ట్రాన్సిస్టర్లు మార్పిస్తారు. మొదట యాంప్ వెనకున్న పవర్ యాంప్ ఇన్ జాక్ చూడండి. దానికి దేన్నీ గుచ్చనప్పుడు, టోన్ సర్దే ప్రీయాంప్ నుంచి స్పీకర్‌ను నడిపే పవర్ యాంప్‌కు లోపలి సన్న రేకు ద్వారానే సిగ్నల్ పోతుంది. ఆ రేకు నల్లబడితే అంతే. కాంటాక్ట్ క్లీనర్ కొట్టిన పిన్నును ఇరవైసార్లు గుచ్చి తీయండి. చిన్న కేబుల్‌తో ప్రీయాంప్ అవుట్‌ను పవర్ యాంప్ ఇన్‌కు కలిపితే సౌండు నిలకడగా వచ్చిందంటే జబ్బు అక్కడే. వందల రూపాయల పని కాదిది.

గుంయ్ మనే హమ్ 100 హెర్ట్జ్‌లో ఉంటే కరెంటును సాఫీ చేసే ఫిల్టర్ కెపాసిటర్లు ఎండాయన్న మాట. పది డిగ్రీలు వేడి పెరిగితే వాటి ఆయుష్షు సగమవుతుంది. మే నెలలో రేకుల పందిట్లో యాంప్ వెనక భాగాన్ని గోడకు ఆనించి పెడితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. ఒక జానెడు జాగా వదలండి. అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్ మారిస్తే కింద కరెంటు దాటనివ్వని మైకా రేకు, రెండు వైపులా హీట్‌సింక్ పేస్టు తప్పనిసరి. పేస్టు ఎండి సున్నంలా రాలుతుంటే ట్రాన్సిస్టర్ బాగున్నా సరే తీసి కొత్తగా పూయించండి. లోపల చేయి పెట్టేముందు ప్లగ్ తీసి, కెపాసిటర్లను 1 కిలోఓమ్, 10 వాట్ల రెసిస్టర్‌తో ఖాళీ చేయాలి. స్క్రూడ్రైవర్‌తో షార్ట్ చేసే అలవాటు మంచిది కాదు.

చాలా కాలం మూలన పడి ఉన్నదాన్ని నేరుగా కరెంటుకు తగిలించవద్దు. ముందు స్పీకర్ తీగ తీసి, యాంప్‌కు వచ్చే కరెంటు తీగలో 100 వాట్ల పాతకాలం బల్బును సిరీస్‌లో పెట్టండి. బల్బు ఒక్కసారి వెలిగి మసకబారితే సరే. మండుతూనే ఉంటే లోపల షార్ట్ ఉంది. తర్వాత మీటర్‌తో అవుట్‌పుట్‌లో డీసీ కొలవండి. 50 మిల్లీవోల్టుల లోపు బాగున్నట్టు. వోల్టుల్లో చూపిస్తే స్పీకర్ తగిలించవద్దు, కాయిల్ మాడిపోతుంది.

లో వోల్టేజి కష్టం మన పల్లెల్లో ఉన్నదే. 230 రావలసింది 180 వస్తే పవర్ సుమారు అరవై శాతానికి, అంటే 150 వాట్లు 90కి పడతాయి. యాంప్ చెడదు కానీ తొందరగా క్లిప్ అవుతుంది. 1 కేవీఏ స్టెబిలైజర్ చాలు. అమెరికా నుంచి తెచ్చినదైతే వెనక 120 వోల్టులని రాసి ఉంటుంది, కనీసం 500 వీఏ స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. హమ్ పోతుందని ఎర్త్ పిన్ కోసేయడం మాత్రం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే. డీఐ బాక్స్‌లో గ్రౌండ్ లిఫ్ట్ స్విచ్ ఉంటుంది, అది నొక్కండి.

పాతవాటి మీద మోజు పీవీతో ఆగదు. అకౌస్టిక్ కంపెనీ 360 యాంప్ గురించి మాట్లాడేవాళ్లంతా పేరున్న బేస్ వాద్యకారుడు జాకో పాస్టోరియస్ పేరు ఎత్తుతారు. దానితో వాడే 361 స్పీకర్ డబ్బాలో 18 అంగుళాల స్పీకర్, లోపల మడతపెట్టిన గొట్టంలాంటి హార్న్, లోపలే పవర్ యాంప్. దగ్గర నిలబడితే పలచగా, దూరం పోయేకొద్దీ నిండుగా వినిపించే రకం, అందుకే వాయించేవాడు ఎప్పుడూ తక్కువ వినిపిస్తోందని పెంచుతాడు. 1969లో వచ్చిన ఆంపెగ్ ఎస్‌వీటీ వాల్వులది, 300 వాట్లు. ఎనిమిది 10 అంగుళాల స్పీకర్ల బాక్సుతో కలిపి ఎత్తాలంటే నలుగురు కావాలి. 1984లో మొదలైన బేస్ యాంప్‌ల కంపెనీ ఎస్‌డబ్ల్యూఆర్‌ను 2003లో గిటార్ల కంపెనీ ఫెండర్ కొంది, తర్వాత ఆ పేరే లేకుండా పోయింది. ఎస్‌డబ్ల్యూఆర్ వాళ్ల గోలియత్ డబ్బాలో నాలుగు 10 అంగుళాల స్పీకర్లు, ట్వీటర్ ఉంటాయి. నేటి శుభ్రమైన బేస్ సౌండుకు దారి వేసిన డబ్బాల్లో అదొకటి. బాగు చేయించుకోవడం తేలిక అనే లెక్కన చూస్తే వీటన్నిటి కంటే ఆ పాత పీవీయే ముందుంటుంది. ఇప్పటి తేలికపాటి క్లాస్ డీ యాంప్ బోర్డు పోతే సర్వీసు సెంటర్‌కు పంపి ఎదురుచూడాలి. పాతదాన్ని టేప్‌రికార్డర్ల కాలం మెకానిక్ ఎవరైనా విప్పగలడు.

కొనేటప్పుడు డబ్బాను వదలకండి. ఒక లోతైన స్వరం మోగిస్తూ జాక్ ప్లేటు, మూలల దగ్గర అగరబత్తి పట్టుకుంటే పొగ కొట్టుకుపోయే చోట గాలి కారుతోందని తెలుస్తుంది. స్పీకర్ పక్కన బుర్రుమంటే చాలాసార్లు అది కోన్ కాదు, వదులైన చక్రమో హ్యాండిలో అయి ఉంటుంది. అడుగు పలకను తట్టి చూడండి, బోలుగా మోగితే చెదలు పట్టినట్టు. చర్చి వేదిక మీద ఏడాది పొడవునా ఉండే డబ్బా కింద రెండు ఇటుకలు పెట్టి, ముందు జాలీకి గుడ్డ కప్పండి. ఎలుకలకు కోన్ కాగితం అంటే మహా ఇష్టం.