1925లో కారు కొనాలంటే: ఫోర్డు పొదుపా, షెవ్రొలే వాయిదాలా?

అమెరికాలో ఓ ఫ్యాక్టరీ కార్మికుడు. చేతిలో మొత్తం డబ్బు లేదు, కారు మాత్రం కావాలి. దారులు రెండు.

ఖర్చు: ఫోర్డు మోడల్ టి రెండు సీట్ల బండి 260 డాలర్లు. షెవ్రొలే అంతకన్నా బాగా ఎక్కువ, పైగా వడ్డీ.

కట్టే పద్ధతి: అసలు తేడా ఇక్కడే. అప్పంటే గిట్టని హెన్రీ ఫోర్డు 1923లో పొదుపు పథకం పెట్టాడు. వారానికి 5 డాలర్లు బ్యాంకులో వేస్తూ పోవాలి, ధర నిండాకే కారు. మన పోస్టాఫీసు ఆర్‌డీ లాంటిదే. దాదాపు ఏడాది నడకే మరి! షెవ్రొలే కార్లు చేసే జనరల్ మోటార్స్ మాత్రం 1919లోనే సొంత ఫైనాన్స్ కంపెనీ తెరిచింది. మూడో వంతు ముందు కట్టి ఈరోజే తోలుకెళ్లొచ్చు, మిగతాది నెలనెలా.

రిస్క్: ఫోర్డులో ఉద్యోగం పోతే కారు రాదు, డబ్బు ఉంటుంది. షెవ్రొలేలో వాయిదా తప్పితే కారూ పోతుంది, కట్టిందీ పోతుంది.

నడపడం: మోడల్ టిలో పెట్రోల్ ఎంతుందో చూడాలంటే సీటు ఎత్తి ట్యాంకులో పుల్ల ముంచాలి. గేర్లు కాలి పెడళ్లతోనే. నిటారు గుట్టొస్తే, పెట్రోల్ కిందికి జారి ఇంజిన్‌కు అందక, కొందరు రివర్స్‌లో ఎక్కించేవారు. షెవ్రొలేకి మామూలు మూడు గేర్లు.

జనం ఎక్కువగా వాయిదాలకే మొగ్గారు. 1928లో ఫోర్డు కూడా అప్పులిచ్చే కంపెనీ పెట్టక తప్పలేదు. జీతం నిలకడగా ఉండి, పనికి కారు వెంటనే కావాలంటే షెవ్రొలే. సీజన్ పనివాడైతే, ఎప్పుడు తీసేస్తారో అనే టెన్షన్ ఉంటే ఫోర్డు పొదుపే నయం.