గండికోటలో టెంట్ వద్దు, తాడిపత్రి మాత్రం వదలకండి

కడప జిల్లా గండికోటలో, పెన్నా లోయ పక్కన టెంట్ వేసుకుని పడుకోవాలన్నది మా పాప కోరిక. ఫోన్‌లో మాట్లాడినాయన "లోయకి ఎదురుగానే సార్, జిప్ తీస్తే పెన్నా కనబడుతుంది" అన్నాడు. రాత్రి భోజనంతో కలిపి రెండు టెంట్లకి 3,000 రూపాయలు. సగం ముందే ఫోన్‌పే చేశాను. మేము నలుగురం: నేను, మా ఆవిడ, 9 ఏళ్ల పాప, 72 ఏళ్ల మా నాన్న.

జమ్మలమడుగులో బస్సు దిగి, 400 ఇచ్చి ఆటోలో వెళ్లాం. తీరా చూస్తే లోయా లేదు, పెన్నా లేదు. రోడ్డు పక్కన కంచె వేసిన చేనులో ఒకదానికొకటి ఆనుకుని 20 టెంట్లు. లోయ దాకా వెళ్లాలంటే చీకట్లో అరగంట నడక. పరుపు అన్నది వేలెడు మందం కూడా లేని స్పంజు, కింద రాళ్లు వీపుకి గుచ్చుకుంటున్నాయి. అందరికీ కలిపి బాత్రూంలు రెండు, అందులో ఒకదాంట్లో నీళ్లు రావు. భోజనం చల్లారిన అన్నం, నీళ్లలాంటి కుర్మా. పాప రెండు ముద్దలు తిని ప్లేటు పక్కన పెట్టేసింది.

పక్క టెంట్ల కుర్రాళ్లు స్పీకర్ పెట్టి రాత్రి రెండు దాకా ఆపలేదు. రెండుసార్లు వెళ్లి చెప్పాను. నిర్వాహకుడిది ఒకటే మాట: "వీకెండ్ కదా సార్". నాన్న లేచి, దుప్పటి కప్పుకుని, బయట ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నారు. నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది. పొద్దున్నే మా ఆవిడ గట్టిగా అడిగితే 500 వెనక్కి ఇచ్చారు. పెద్దవాళ్లతో, పిల్లలతో వెళ్లేవాళ్లు దయచేసి ఈ టెంట్ల జోలికి పోకండి. తప్పదనుకుంటే టెంట్ వేసిన చోటు వీడియో కాల్‌లో చూపించమనండి, అప్పటిదాకా అడ్వాన్స్ పంపకండి.

తెల్లారకముందే కోటలోకి నడిచాం. లోయ దగ్గర ఎర్రటి బండలు ఎవరో పేర్చిపెట్టినట్టు ఉంటాయి. వాటి మధ్య కింద ఎక్కడో పెన్నా. ఎండ పడేకొద్దీ రాయి రంగు మారుతుంటే రాత్రి కోపం కాస్త దిగింది. మేము కూర్చున్న చోట అంచుకి కంచె లేదు, పాప చెయ్యి వదల్లేదు నేను.

కోట లోపల ఊరు ఉంది, మనుషులు కాపురాలు ఉంటున్నారు. మాధవరాయస్వామి గుడి, జామియా మసీదు, పెద్ద ధాన్యాగారం అన్నీ నడిచి చూసేంత దగ్గర. గుడిలో మూలవిరాట్టు లేదు, గోపురం మాత్రం నిటారుగా నిలబడి ఉంది. విజయనగర సామంతులైన పెమ్మసాని నాయకుల చేతిలో ఉన్న ఈ కోటని 1650 ప్రాంతంలో గోల్కొండ సేనాని మీర్ జుమ్లా పట్టుకున్నాడు. గుడీ మసీదూ పక్కపక్కనే ఎందుకున్నాయని పాప అడిగితే నాన్న ఆ కథంతా ఓపిగ్గా చెప్పారు. రాత్రంతా నిద్ర లేని మనిషి!

తొమ్మిదింటికి తిరిగి జమ్మలమడుగు. ఒక చిన్న హోటల్లో ఉగ్గాణి (నానబెట్టిన బొరుగుల ఉప్మా), మిరపకాయ బజ్జీ, ప్లేటు 40. ఉగ్గాణి మీద వేయించిన పప్పుల పొడి, నిమ్మరసం. నాన్న రెండో ప్లేటు చెప్పించుకున్నారు. నలుగురికీ టీలతో కలిపి 240 అయింది, ముందు రోజు నుంచి కడుపు నిండా తిన్నది అక్కడే. లాడ్జిలో 900కి రెండు మంచాల గది, శుభ్రమైన దుప్పట్లు, వేడినీళ్లు. ఆ రోజంతా పడుకున్నాం.

మర్నాడు 3,000కి కారు మాట్లాడుకుని బెలుం గుహలకి, అక్కణ్ణుంచి తాడిపత్రికి. గుహలు పాపకి భలే నచ్చాయి. మొత్తం 3 కిలోమీటర్ల పైన పొడవు, అందులో సగం దాకానే జనాన్ని వెళ్లనిస్తారు. లోపల ఉక్క విపరీతం, పలచటి నూలు బట్టలు వేసుకోండి. గుహ అడుగున నీళ్లు పారే పాతాళగంగ దాకా దిగడం మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి కష్టం, నాన్న మధ్యలోనే ఆగిపోయారు.

తాడిపత్రికి కారులో వెళ్తున్నాం కదా అని ఒక గంట కేటాయించాను. మూడు గంటలు ఉండిపోయాం. పెన్న ఒడ్డున బుగ్గ రామలింగేశ్వరస్వామి గుడి. దాని గోపురాలు పూర్తి కాలేదు, పైన అంతస్తులు లేవు. కానీ ఉన్న ఆ కింది భాగంలో అరచేయంత రాయి కూడా ఖాళీగా వదల్లేదు. ద్వారం పక్కన మకరం మీద నిలబడ్డ స్త్రీ, ఆమె చేతిలో తీగ. ఆ తీగ మెలికలు తిరుగుతూ పైకి పాకింది. ప్రతి మెలికలో ఒక చిన్న బొమ్మ. నాన్న కళ్లద్దాలు తీసి తుడుచుకుని, మొహం రాయికి దగ్గరగా పెట్టి, ఒక్కో మెలికే చూసుకుంటూ వెళ్లారు. గండికోట పెమ్మసాని నాయకులే ఈ గుడీ కట్టించారని తెలిసి, "కోట పోయింది, ఇది మిగిలింది" అన్నారు.

ఊళ్లోనే ఉన్న చింతల వెంకటరమణస్వామి గుడీ వాళ్లదే. అక్కడ రథంలా చెక్కిన గరుడ మండపం ఉంది, చక్రాలతో సహా రాయే. దానికోసం హంపీ దాకా వెళ్లక్కర్లేదని పాప స్కూల్లో చెబుతుందట. మేము వెళ్లిన సోమవారం మధ్యాహ్నం మాతోపాటు పట్టుమని పదిమంది లేరు. ఇంత గొప్ప గుడిని ఎవరూ పట్టించుకోకపోవడం నాకు నిజంగా బాధ కలిగించింది.

టెంట్లకి 2,500, గదికి 900, కారుకి 3,000. రానూపోనూ ఆటో 800, తిండీ టికెట్లూ కలిపి 1,900. మొత్తం 9,100, ఇంటి నుంచి ఛార్జీలు కాకుండా. ఆ టెంట్ల బదులు జమ్మలమడుగులోనే రెండు రాత్రులూ ఉంటే 1,600 మిగిలేవి.

సాయంత్రం తాడిపత్రి స్టేషన్లో రైలు కోసం కూర్చున్నప్పుడు నాన్న కార్తీక మాసం ఎప్పుడొస్తుందని అడిగారు. అప్పుడు మళ్లీ వస్తున్నాం, ఈసారి గది తాడిపత్రిలోనే.