పోలోకు వెనక డిఫ్యూజర్: ఎండలూ వానలూ చూశాక నా సమీక్ష

నా ఫోక్స్‌వ్యాగన్ పోలో 1.0 టీఎస్‌ఐకి (లీటరు టర్బో పెట్రోల్ ఇంజిన్ బండి) వెనక బంపర్ కింద డిఫ్యూజర్, అంటే నిలువు రెక్కలున్న ఏటవాలు పలక, పెట్టించి చాలాకాలమైంది. విజయవాడ మే నెల ఎండల్లో ఆరుబయట నిలబడింది, వానాకాలంలో నీళ్లు నిండిన రోడ్లు దాటింది, 65వ నంబరు హైవే మీద హైదరాబాద్‌కు లెక్కలేనన్నిసార్లు వెళ్లొచ్చింది. పెట్టించిన కొత్తలో ఏదైనా బాగానే ఉంటుంది కాబట్టి అప్పుడు రాయలేదు. ఇప్పుడు ధైర్యంగా చెప్పగలను. అందం కోసమైతే పెట్టించండి. బండి ఇంకా బాగా పరుగెడుతుందని, మలుపుల్లో రోడ్డుకు అతుక్కుపోతుందని ఎవరైనా చెబితే మాత్రం నమ్మకండి, ఆ డబ్బు మంచి టైర్లకు దాచుకోండి.

ముందు అందం సంగతి. పోలోను వెనక నుంచి చూస్తే పైన లైట్లు, డిక్కీ తలుపు ఎంతో పొందికగా ఉంటాయి. కిందికొచ్చేసరికి బంపర్ ఎత్తుగా, బోసిగా కనిపిస్తుంది. నాది తెల్ల కారు కావడంతో ఆ బోసితనం మరీ తెలిసేది. కింది అంచుకు నల్లటి డిఫ్యూజర్ పడగానే బంపర్ ఎత్తు కంటికి తగ్గిపోయింది, కారు వెడల్పుగా, నేలకు దగ్గరగా కనిపించడం మొదలైంది. 2022లో మన దేశంలో పోలో అమ్మకాలు ఆగిపోయాయి. ఉన్న బండినే ప్రాణంగా చూసుకునే నాలాంటివాళ్లకు పదివేల లోపు ఖర్చుతో ఇంత మార్పు తెచ్చే వస్తువు మరొకటి దొరకదు. పెయింటు, కూలీ అంతా కలిపి నాకు అంతే అయింది. ఇప్పటికీ పార్కింగ్‌లో కారు దిగి నడుస్తూ ఒకసారి వెనక్కి తిరిగి చూసుకుంటాను.

అయితే ఈ అందమంతా ఫిట్టింగ్ మీదే ఆధారపడి ఉంది. మా తమ్ముడు తన కారుకు ఆన్‌లైన్‌లో ‘అన్ని కార్లకూ సరిపోతుంది’ అని రాసి ఉన్న ముక్క తెప్పించుకున్నాడు. అన్ని కార్లకూ సరిపోయేది ఏ కారుకూ సరిగ్గా సరిపోదు. మధ్యలో అంటుకుంటే చివర్లు లేస్తాయి, చివర్లు నొక్కితే మధ్యలో వేలు దూరేంత సందు పడుతుంది. ఆ సందులో దుమ్ము చేరి, వాన పడినప్పుడల్లా గోధుమరంగు చారలు దిగుతుంటాయి. నేను పోలో బంపర్ వంపుకే అచ్చు పోసిన ఏబీఎస్ ప్లాస్టిక్ ముక్క తీసుకున్నాను. కానీ అచ్చులోంచి వచ్చినది కూడా ఉన్నదున్నట్టు కూర్చోదు. దాన్ని కూర్చోబెట్టే మనిషి కావాలి.

ఆటోనగర్‌లో నాకు అలాంటి మనిషి దొరికాడు. టింకరింగ్ పనిలో తల నెరిసిన పెద్దాయన. ముక్కతో పాటు వచ్చిన డబుల్ సైడ్ టేపు చూసి పక్కన పెట్టేశాడు. ఇది చాలదా బాబాయ్ అంటే, “టేపు పట్టుకునేది రంగును నాయనా, రంగు పట్టుకునేది బంపర్‌ను. రేపు ఎండకు రంగు లేచిందనుకో, నీ టేపు ఏం చేస్తది?” అన్నాడు. పైగా బంపర్ కింది నల్లభాగం రంగు వేయని పాలీప్రొపిలిన్ అనే ప్లాస్టిక్. దాని మీద ప్రైమర్ పూయకుండా ఏ టేపూ నిలవదు.

ఆయన పని చేసిన తీరు చెప్పి తీరాలి. ముక్కను ఊరికే ఆనించి, మాస్కింగ్ టేపుతో గుర్తులు పెట్టుకున్నాడు. చివర్లను హీట్ గన్‌తో మెల్లగా వెచ్చబెట్టి, బట్ట చుట్టిన చేత్తో వంచుతూ బంపర్ వంపుకు తెచ్చాడు. బంపర్ మీది పాత వ్యాక్స్ అంతా ఆల్కహాల్‌తో తుడిచాడు. టేపును ముక్క కదలకుండా పట్టుకోవడానికే వాడాడు, బరువంతా కింది అంచుకు వేసిన స్టెయిన్‌లెస్ స్టీలు స్క్రూల మీద పెట్టాడు. ఆ స్క్రూలకు వేసిన రంధ్రాలు స్క్రూ మందం కంటే కాస్త పెద్దవి, మీద వెడల్పు వాషర్లు. ఎందుకో నాకు తర్వాత అర్థమైంది. 1.2 మీటర్ల ఏబీఎస్ ముక్క 40 డిగ్రీల వేడి తేడాకు సుమారు 4 మిల్లీమీటర్లు సాగుతుంది. నల్లది కాబట్టి ఎండలో తెల్ల బంపర్ కంటే ఎక్కువ కాగుతుంది. ఆ సాగడానికి చోటు ఇవ్వకపోతే స్క్రూ దగ్గర పగులు మొదలవుతుంది, లేదంటే మధ్యలో అలలాగా లేస్తుంది. మా తమ్ముడి ముక్కకు రెండూ జరిగాయి. నాది ఇప్పటికీ కదల్లేదు. ముక్కకూ బంపర్‌కూ మధ్య సన్నటి ఫోమ్ పట్టీ కూడా వేయడంతో గతుకుల్లో ఒక్క చప్పుడు లేదు.

ఎండ విషయంలో ఒక జాగ్రత్త. ఏబీఎస్‌కు ఎండలోని అతినీలలోహిత కిరణాలు పడవు. రంగు వేయకుండా వదిలేస్తే నలుపు పోయి బూడిదరంగుకు తిరుగుతుంది, పెళుసుగా కూడా మారుతుంది. అందుకే పెట్టించేముందే మ్యాట్ నలుపు కొట్టించి, పైన మ్యాట్ క్లియర్ కోటు వేయించాను. నిగనిగలాడే కార్బన్ డిజైన్ వద్దన్నది కూడా నా నిర్ణయమే. టైర్లు విసిరే కంకర సరిగ్గా అక్కడికే తగులుతుంది, గ్లాసీ ఫినిష్ మీద ప్రతి గీతా కనిపిస్తుంది. సైలెన్సర్ గొట్టం చుట్టూ రెండు వేళ్లు దూరేంత ఖాళీ వదిలి కోయించండి. ట్రాఫిక్‌లో బండి ఆగి ఉన్నప్పుడు ఆ వేడి పొగ ప్లాస్టిక్‌కు తగులుతూనే ఉంటుంది. నాలుగు గొట్టాలున్నట్టు కనిపించే ఉత్తుత్తి సైలెన్సర్ చివరలు అతికించి వచ్చే డిఫ్యూజర్లు కూడా ఉన్నాయి. అవి నాకు నచ్చవు. లేని ఇంజిన్‌ను ఉన్నట్టు చూపించడం మంచి కారుకు మర్యాద కాదు.

ఇక పర్ఫార్మెన్స్. దీని మీద వాదనలు చాలా విన్నాను, కాబట్టి వివరంగా చెబుతాను.

అసలైన డిఫ్యూజర్ చేసే పని ఇది. కారు అడుగుకూ నేలకూ మధ్య ఇరుకు సందులో గాలి వేగంగా పోతుంది. వేగం పెరిగిన చోట పీడనం తగ్గుతుంది, ఆ తగ్గుదల కారును నేలకు లాగుతుంది. అయితే అంత వేగంగా పోతున్న గాలి వెనక ఉన్నపళంగా బయటపడితే చెల్లాచెదురై సుడులు తిరుగుతుంది. డిఫ్యూజర్ దానికి గరాటులాగా క్రమంగా వెడల్పయ్యే దారి ఇస్తుంది. గాలి మెల్లగా నెమ్మదించి, పీడనం తిరిగి పెరిగి బయటికొస్తుంది. దాంతో అడుగున గాలి ఇంకా జోరుగా లాగబడుతుంది. అంటే బలం పుట్టేది వెనక కనిపించే రెక్కల దగ్గర కాదు, దానికి ముందున్న అడుగుభాగంలో. అందుకే 1978లో లోటస్ జట్టు తన 79 మోడల్ కారు అడుగున రెండు పక్కలా తిరగేసిన రెక్కలాగా మలిచి, పక్కల నుంచి గాలి దూరకుండా స్కర్టులు కట్టి, మారియో ఆండ్రెట్టిని ఫార్ములా వన్ చాంపియన్‌ను చేసింది. 2009లో బ్రాన్ జట్టు రెండంతస్తుల డిఫ్యూజర్‌తో సీజన్ మొదలుపెట్టి డ్రైవర్ టైటిల్, జట్టు టైటిల్ రెండూ పట్టుకుపోయింది. 1999లో వచ్చిన ఫెరారీ 360 మోడెనా లాంటి రోడ్డు కార్లలో కూడా వెనక డిఫ్యూజర్‌కు ముందు అడుగంతా చదునుగా మూసి ఉంటుంది.

మరి నా పోలో అడుగున ఏముంది? నేలకు దాదాపు 165 మిల్లీమీటర్ల ఎత్తు. సైలెన్సర్, వెనక ఇరుసు, స్పేర్ టైరు గుంత, అన్నీ ఎగుడుదిగుడుగా వేలాడుతున్నాయి. గాలి వెనకదాకా వచ్చేసరికే అలసిపోయి, చిందరవందరగా ఉంటుంది. దానికి చివర్లో ఓ జానెడు ముక్క పెట్టి దారి చూపించలేం. వాలు కూడా ముఖ్యమే. రోడ్డు కార్లకు సాధారణంగా 7 నుంచి 12 డిగ్రీల వాలు పనిచేస్తుంది. అంతకంటే నిటారుగా పోతే గాలి ఆ పలకను వదిలేసి విడిపోతుంది. ఫోన్‌లోని లెవల్ యాప్ ఆనించి చూస్తే నా ముక్క వాలు 30 డిగ్రీల పైమాటే. అందంగా కనిపించేది ఆ నిటారు వాలే మరి.

ఇది పుస్తకాల లెక్కగా వదిలేయడం ఇష్టంలేక, ఉలెన్ దారం తెచ్చి వేలెడు ముక్కలుగా కత్తిరించి బంపర్ పక్కల, డిఫ్యూజర్ మీద, రెక్కల మధ్య సెలో టేపుతో అతికించాను. ఆదివారం పొద్దున్నే ఖాళీ రోడ్డు మీద నేను 80లో పోతుంటే, మా తమ్ముడు వెనక కారు నడిపాడు, పక్క సీట్లోని స్నేహితుడు వీడియో తీశాడు. బంపర్ పక్కల ఉన్న దారాలు బిగించి లాగినట్టు తిన్నగా వెనక్కి నిలిచాయి. రెక్కల మధ్యవి గిరగిరా తిరిగాయి. మధ్యలో ఉన్న రెండైతే మడత పడి ముందుకు, కారు వైపుకే వాలాయి. గాలి పలకను పట్టుకుని పోతుంటే దారం అలా వెనక్కి తిరగదు. వానాకాలంలో ఈ పరీక్ష కూడా అక్కర్లేదు. తడిరోడ్డు మీద హైదరాబాద్ వెళ్లి దిగి చూడండి, డిక్కీ తలుపు నుంచి డిఫ్యూజర్ దాకా ఒకే బురద పొర. హ్యాచ్‌బ్యాక్ వెనక గాలి సుడి తిరిగి రోడ్డు తుంపరను తెచ్చి అక్కడే అంటిస్తుంది, వెనక అద్దానికి వైపర్ పెట్టేది అందుకే. రెక్కల మూలల్లో బురద ఎండి పేరుకుపోతుంది. పాత టూత్‌బ్రష్ ఒకటి డిక్కీలో ఉంచుకున్నాను.

చిన్న లెక్క కూడా చెబుతాను. మన నాలుగు వరసల జాతీయ రహదారుల మీద కార్లకు గరిష్ఠ వేగం 100. ఆ వేగంలో ఎదురుగాలి పీడనం చదరపు మీటరుకు సుమారు 460 న్యూటన్లు. నా ముక్క మొత్తం కలిపినా 0.2 చదరపు మీటర్లు ఉండదు. దాని మీద ఆ పీడనమంతా పూర్తిగా మనకు అనుకూలంగా పడిందనుకున్నా పది కిలోలు దాటదు. ఊళ్లో 50లో పోతే అందులో నాలుగో వంతు. టన్ను పైచిలుకు బరువున్న బండికి అది లెక్కలోకి రాదు. మైలేజీలో, హైవే మీద బండి నిలకడలో నాకు ఏ తేడా తెలియలేదు. చెడు కూడా ఏం చేయలేదు, ఇంజిన్ 110 హార్స్‌పవర్ ముందెలా లాగేదో ఇప్పుడూ అలాగే లాగుతోంది. 2023 ఫిబ్రవరిలో హుస్సేన్ సాగర్ పక్కన ‘ఫార్ములా ఈ’ ఎలక్ట్రిక్ కార్ల రేసు జరిగినప్పుడు ఆ కార్ల అడుగు నేలకు ఎంత దగ్గరగా ఉందో చూసినవాళ్లకు, మన స్పీడ్ బ్రేకర్ల మీద అలాంటి కారు ఎందుకు తిరగలేదో వేరే చెప్పక్కర్లేదు.

వాడకంలో అసలు ఇబ్బంది ఎదురుగా వచ్చే స్పీడ్ బ్రేకర్‌తో కాదు, రివర్స్‌తో. నా ముక్క పాత అంచు కంటే అంగుళం కిందికి ఉంది. ఫంక్షన్ హాళ్ల దగ్గర, ఆసుపత్రుల దగ్గర పార్కింగ్‌లో వెనక చక్రం ఆగేందుకు కట్టే సిమెంటు గట్టు ఎత్తుగా ఉంటే చక్రం కంటే ముందు డిఫ్యూజరే తగులుతుంది. నాది ఒక రెక్క అలాగే విరిగింది. సెన్సర్ పైన ఉండటం వల్ల అంత కిందున్న గట్టు దానికి తెలియదు. ఆటోనగర్ బాబాయ్ ఏబీఎస్ తుక్కును అసిటోన్‌లో కరిగించి, ఆ గుజ్జుతోనే అతికించి, అరగదీసి రంగు కొట్టాడు. ఇప్పుడు చూస్తే అతుకు కనిపించదు. ఏబీఎస్‌లో నాకు నచ్చింది ఇదే. ఫైబర్ ముక్కైతే గట్టిగానే ఉంటుంది కానీ దెబ్బకు చీలికలుగా విచ్చుకుంటుంది. నిజమైన కార్బన్ ఫైబర్ ఖరీదు చూస్తే రోజూ రోడ్డెక్కే బండికి మనసొప్పదు.

చట్టం గురించి అందరూ భయపడతారు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీలో ఉన్న వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. అలా మారిస్తే 182ఏ సెక్షన్ కింద ఒక్కో మార్పుకు 5000 రూపాయల జరిమానా లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. బంపర్ కింద అతికే ముక్క ఆర్‌సీలో ఏ గడినీ మార్చదు, నన్ను ఏ చెకింగ్‌లోనూ దాని గురించి అడగలేదు. కానీ నంబర్ ప్లేటును, బంపర్ కింది ఎర్ర రిఫ్లెక్టర్లను ఏ కాస్త కప్పినా ఆ డిజైన్ తీసుకోవద్దు. రాత్రి హైవే పక్కన బండి ఆగిపోతే వెనకొచ్చే లారీకి కనిపించేది ఆ రిఫ్లెక్టర్లే. ఇన్సూరెన్స్ రెన్యువల్ అప్పుడు దీన్ని ఎలక్ట్రికల్ కాని యాక్సెసరీగా రాయించాను. రాయించకపోతే వెనక నుంచి ఎవరైనా గుద్దినప్పుడు బంపర్ డబ్బులొస్తాయి కానీ దీనికి రావు.

పెట్టించుకునేవాళ్లు ఫిట్టింగ్ రోజున డబ్బు చేతిలో పెట్టేముందు కిందికి వంగి, రెండు చివర్లూ పట్టుకుని గట్టిగా ఊపి చూడండి. బండిని లాగించేందుకు టో హుక్ బిగించే చోటి మూత తీయడానికి వీలవుతోందా, స్క్రూలకు కింద నుంచి స్క్రూడ్రైవర్ అందుతోందా అని కూడా చూసుకోండి. సర్వీసులో బంపర్ విప్పాల్సి వస్తే ఆ స్క్రూలు ఎక్కడున్నాయో ముందే చెప్పండి, చెప్పకపోతే లాగి విరిచేస్తారు. స్టిఫ్‌గా ఉందో లేదో ఆటోనగర్ రోడ్డు గతుకుల మీద ఒక రౌండ్ తిప్పితే తెలిసిపోతుంది. బాబాయ్ కూడా నన్ను అలా తిప్పి తెచ్చాకే డబ్బు తీసుకున్నాడు.